దూరం నుంచి మోగిన సైరన్

కబురు చేరిన తీరం: ఏడవ భాగం

గత భాగంలో మచిలీపట్నం రేవు దగ్గర ఆగాం. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకున్న కథ చెప్పుకున్నాం. ఆ ఏడాదే అక్టోబరు 5న కలకత్తా కూడా తుఫాను పాలైంది. వరుసగా తగిలిన ఈ రెండు దెబ్బలతో ప్రభుత్వం కళ్లు తెరిచింది. 1865లో కలకత్తా రేవుకు హెచ్చరికలు పంపే ఏర్పాటు, 1875లో భారత వాతావరణ శాఖ వచ్చాయి. తంతి మీద కబురు అందితే రేవులో స్తంభానికి ప్రమాద సూచిక ఎగరేసేవారు. అది చూసి ఓడలవాళ్లు తమ జాగ్రత్తలో తాము ఉండేవారు. ఆ కబురు ఓడ కోసం పుట్టింది. ఒడ్డున గుడిసెలో పడుకున్న మనిషి దాని లెక్కలో లేడు. ఆ లోటుకు మన తీరం చెల్లించిన మూల్యం ఎంతో పూర్తిగా తెలియడానికి మరో నూట పదమూడేళ్లు పట్టింది.

1977 నవంబరు నెల. ఇవాళ గుంటూరు, బాపట్ల జిల్లాలుగా విడిపోయిన ఈ ప్రాంతమంతా అప్పటికి ఒకే గుంటూరు జిల్లా. కృష్ణా పశ్చిమ డెల్టాలో వరి గింజ గట్టిపడుతున్న రోజులు. దుగ్గిరాల దగ్గర చీలి కిందికి సాగే కాలువల కింద చేలన్నీ పసుపు రంగుకు తిరుగుతున్నాయి. కోతకు కొద్ది రోజుల ముందు నిలిచి ఉన్న చేలోనే మినుములు చల్లడం ఇక్కడి రైతు అలవాటు. ఆ విత్తనం కోసం ఇంట్లో బానలు దించుతున్న సమయం అది.

గుంటూరు నుంచి వచ్చే దారి, విజయవాడ నుంచి తెనాలికి పోయే దారి కలిసే ఊరు నందివెలుగు. ఈ పక్క ఊళ్లలో గాలివాన అంటే అరటి తోట పడిపోవడం, తమలపాకు పందిరి కూలడం, చేను నేలకు ఒరగడం. ఉప్పెన అనేది రేపల్లె అవతలి మాట. అదే రేపల్లె దాటి నిజాంపట్నం వైపు పోతే సముద్రం నోటి ముందే బతుకు. చవిటి నేల, తాటాకు గుడిసె, వల, పడవ. మెరక మీద గట్టి కట్టడం ఏదైనా ఉంటే అది బడో, గుడో, చర్చో. ఒకే తాలూకా కేంద్రానికి అటూ ఇటూ ఉన్న ఈ రెండు లోకాలకూ ఒకే రేడియో వార్త వచ్చేది. ఒకే అర్థం మాత్రం ఇచ్చేది కాదు.

ఆ నెల మొదట అందరి చూపూ తమిళనాడు మీదుంది. 12న ఒక తుఫాను నాగపట్నం దగ్గర తీరం దాటి వందల ప్రాణాలు తీసింది. దాని వెనకాలే ఇంకొకటి బంగాళాఖాతంలో పుట్టింది. పడమటికి వస్తూ వస్తూ ఉత్తరానికి తిరిగింది. 17వ తేదీ సాయంత్రం ‘జగత్‌స్వామి’ అనే ఓడ దాని బారిన పడింది. ఆ ఓడ మీద నమోదైన గాలి వేగం 112 నాట్లు, అంటే గంటకు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. నడిసముద్రంలో ఆ తుఫానును దగ్గరగా కొలిచింది ఆ ఓడే. పైనుంచి అమెరికా ఉపగ్రహాలు రోజుకు ఏ కొన్ని సార్లో దాటుతూ ఫోటోలు పంపేవి. 1970లో విశాఖలో, 1973లో మద్రాసులో తుఫాను రాడార్లు పెట్టారు. నిజాంపట్నం రెంటికీ మూడు వందల కిలోమీటర్ల దూరాన ఉంది. రెండు రాడార్ల చూపూ పలచబడే చోట మన డెల్టా పడింది.

అయినా తుఫాను వస్తోందని తెలుసు. ఈ మాట గట్టిగా చెప్పాలి. 1864లో లాగా చీకట్లో వచ్చిన ఆపద కాదు ఇది. విశాఖలో 1974 నుంచే తుఫాను హెచ్చరిక కేంద్రం ఉంది. రేవుల్లో సూచికలు ఎగిరాయి, ఆకాశవాణి చెప్పింది. మరి కబురు ఎక్కడ ఆగింది?

అప్పటి పద్ధతి చూడండి. హెచ్చరిక కేంద్రం నుంచి కలెక్టరుకు టెలిగ్రాం వెళ్లాలి, లేదా ఫోను కలవాలి. కలెక్టరు కచేరీ నుంచి తహసీల్దారుకు, అక్కడి నుంచి గ్రామ మునసబుకో కరణానికో చేరాలి. మునసబు తలారిని పిలిచి దండోరా వేయించాలి. తలారి డప్పు వినపడేది ఊరి నడిబొడ్డున. ఉప్పు మళ్ల దగ్గరా, చేపల రేవు దగ్గరా ఉన్నవాళ్లకు వినపడదు. పంచాయితీ ఆఫీసు మీద రేడియో మైకు ఉండేది, కానీ అది కరెంటు మీద బతికేది. గాలి మొదలైతే ముందు కూలేవి కరెంటు స్తంభాలు, ఆ వెంటనే టెలిఫోను తీగలు. సరిగ్గా కబురు ఎక్కువ అవసరమైన గంటలోనే కబురు మోసే ప్రతి సాధనమూ పడిపోయేది. పైగా హెచ్చరిక పొడవాటి తీరమంతటికీ కలిపి ఉండేది. ఏటా రెండు మూడు సార్లు అలాంటి మాట విని, ఏమీ జరగక, మళ్లీ వల వేసుకున్న మనిషి ఈసారి మాత్రం ఎందుకు కదులుతాడు? ఆ మనిషిది మొండితనమని రాసినవాళ్లున్నారు. నాకు ఆ మాట మింగుడుపడదు. ఇల్లు వదిలి ఎక్కడికి పోవాలో చెప్పని హెచ్చరికను నమ్మి పిల్లాజెల్లాతో ఎవరు బయలుదేరతారు?

19వ తేదీ శనివారం సాయంత్రం తుఫాను నిజాంపట్నం దగ్గర తీరం దాటింది. దాని కుడి పక్కన, కృష్ణ పాయల నడుమ ఉన్న దివిసీమ మీదికి సముద్రం లేచి వచ్చింది. అయిదు మీటర్ల ఎత్తు, అంటే మూడు నిలువుల నీరు. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి పల్లెలు ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. బాపట్లలో గాలికి భయపడి చర్చిలో తలదాచుకున్న వంద మంది ఆ కట్టడమే కూలి చనిపోయారు. చనిపోయినవాళ్లు మొత్తం పది వేలని లెక్క. అంతకంటే ఎక్కువేనని ఆ రోజులు చూసినవాళ్లు ఇప్పటికీ అంటారు. పశువులు పాతిక వేల పైన పోయాయి. మెట్టకు దగ్గరగా ఉన్న ఊళ్లలో ప్రాణాలు నిలిచినా పంట నిలవలేదు. కోతకొచ్చిన చేను నీళ్లలో పడుకుంటే గింజ మొలకెత్తిపోతుంది. ఆ ఏడు డెల్టాలో ఎన్నో గాదెలు ఖాళీగా మిగిలాయి.

తీగలు తెగడంతో బయటికి కబురు వెళ్లే దారీ మూసుకుపోయింది. లోపలి పల్లెల్లో ఎంత మంది పోయారో తెలియడానికే రోజులు పట్టింది. తీగ లేని కబురు కావాలి అన్న మాట ఇక్కడి నుంచే బలంగా మొదలైంది. 1983లో హైదరాబాదులో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ పుట్టింది. విపత్తు వేళ తీగలు పోయినా సొంత రేడియోలతో మాట్లాడుకునే హ్యామ్‌లకు అది నిలయమైంది.

ఆకాశంలో ఒక అంచె

ఇక్కడ ఉప్పెనకు ముందరి ఏళ్లకు వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే బాధ కలిగించే విషయం ఒకటి అక్కడుంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా మన దేశంలో ‘సైట్’ ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 నుంచి నేరుగా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు వచ్చాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ల గూటికి వాడే జాలీతో చేసిన పెద్ద గొడుగు లాంటి యాంటెనా, దాని కింద ఒక టీవీ, చుట్టూ ఊరి జనం. తీగ అక్కర్లేకుండా ఆకాశం నుంచి పల్లెకు కబురు దించవచ్చని అప్పుడే రుజువైంది. ఏడాది గడువు తీరగానే ఆ ఉపగ్రహం తిరిగి అమెరికా వైపు జరిగిపోయింది. పదహారు నెలలకు ఉప్పెన వచ్చింది. విద్య మన చేతిలో ఉంది, ఉపగ్రహం లేదు.

సొంత ఉపగ్రహం అంత తేలిగ్గా దక్కలేదు. 1982 ఏప్రిల్‌లో పంపిన ఇన్సాట్-1ఎ ఆ సెప్టెంబరుకే పనికి రాకుండా పోయింది. మరుసటేడు ఆగస్టు 30న ఛాలెంజర్ స్పేస్ షటిల్ మోసుకెళ్లిన ఇన్సాట్-1బి నిలబడింది. టెలిఫోను, టీవీ, వాతావరణం మూడింటికీ ఒకే ఉపగ్రహం. బంగాళాఖాతాన్ని ఒకే చోటి నుంచి రెప్ప వేయకుండా చూసే కన్ను మొదటిసారి మనకు వచ్చింది.

దానిలో పెద్దగా పేరు రాని పరికరం ఇంకొకటి ఉంది. నేల మీద మనిషి లేని చోట పెట్టిన చిన్న వాతావరణ పెట్టెల నుంచి అంకెలు అందుకుని కిందికి తిరిగి పంపే రిలే అది. పెట్టెలో గాలి వేగం, దిక్కు, పీడనం, ఉష్ణోగ్రత, వాన కొలిచే సాధనాలు ఉంటాయి. ఎండతో నిండే బ్యాటరీ ఉంటుంది. 402.75 మెగాహెర్ట్జ్ దగ్గర క్షణకాలం మాట్లాడి మళ్లీ మూగబోతుంది. కరెంటు అక్కర్లేదు, తీగ అక్కర్లేదు, డ్యూటీలో మనిషి అక్కర్లేదు.

ఇన్ని పెట్టెలు ఒకే దారిలో మాట్లాడితే ఒకదాని మాట ఇంకొకటి తినేయదా అన్న సందేహం వస్తుంది. రచ్చబండ దగ్గర ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే ఇద్దరి మాటా పోతుంది, కాస్త ఆగి మళ్లీ చెబితే వినిపిస్తుంది. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో ‘అలోహా’ అనే రేడియో వలను ఈ చిన్న సూత్రం మీదే నడిపింది. ద్వీపానికీ ద్వీపానికీ మధ్య సముద్రం ఉన్నచోట తీగ వేయలేక కనిపెట్టిన ఉపాయం అది. మన తొలి వాతావరణ పెట్టెలు కూడా ఒకే మాటను తమకిచ్చిన గడువులో ఎప్పుడో ఒకప్పుడు రెండు మూడు సార్లు చెప్పేవి. ఒకటి పోయినా ఒకటి చేరేది.

అదే కాలంలో ప్రపంచం ఇంకో వైపు నుంచి ఇదే చోటికి వస్తోంది. మన ఉప్పెన జరిగిన ఏడాదికి, 1978 డిసెంబరులో, అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ‘డిస్ట్రిబ్యూటెడ్ సెన్సర్ నెట్స్’ మీద ఒక సదస్సు జరిగింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి అప్పటికే అక్కడ ఆచార్యుడు. దూరదూరంగా చల్లిన చవకైన సాధనాలు తమలో తాము మాట్లాడుకుని ఒకే నిర్ణయానికి రాగలవా అన్నది అక్కడి ప్రశ్న. డబ్బు పెట్టింది అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా. తక్కువ ఎత్తున ఎగిరే శత్రు విమానాన్ని మైకులతో పసిగట్టాలన్నది వాళ్ల గురి. నేడు వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్కులు అనే పరిశోధన శాఖ వంశవృక్షం గీసేవాళ్లంతా ఆ సదస్సును మొదళ్లలో రాస్తారు. నిజాంపట్నం పేరు ఆ చెట్టులో కనపడదు. కనపడాలని నా వాదన. ఎందుకో చెబుతాను.

కొలిస్తే చాలదు

పిట్స్‌బర్గ్ ప్రశ్న పసిగట్టడం గురించి. మన తీరం ప్రశ్న వేరు. 1977లో పసిగట్టడంలో లోపాలున్నా అసలు దెబ్బ తగిలింది చివరి మజిలీలో. సముద్రంలో ఏం జరుగుతోందో తెలిసిన చోటి నుంచి, ఫలానా పల్లెలో ఫలానా మనిషిని లేపి నడిపించే దాకా ఉన్న దూరంలో. అంకెను కొలిచే సాధనం ఒక కొస అయితే, ఆ అంకె మీద కదిలే సాధనం ఇంకో కొస. రెండో కొస లేని వల ఎంత గొప్పదైనా రికార్డు పుస్తకంగానే మిగులుతుంది.

ఆ రెండో కొసను ఇన్సాట్ మీద కట్టారు. దాని పేరు తుఫాను హెచ్చరికల ప్రసార వ్యవస్థ. 1980ల నడుమ తమిళనాడు, ఆంధ్ర తీరాల్లో మొదట సుమారు వంద రిసీవర్లతో మొదలైంది. అప్పట్లో దాని పని తీరు ఇది: తుఫాను హెచ్చరిక కేంద్రంలో అధికారి కబురు తయారు చేస్తాడు. ఏయే ప్రాంతాలకు వెళ్లాలో వాటి గుర్తు సంఖ్యలు ముందు జతచేస్తాడు. కబురు నేల మీది ప్రసార కేంద్రం నుంచి ఉపగ్రహానికి ఎక్కి, అక్కడి నుంచి తీరమంతటి మీదా కురుస్తుంది. తీరంలో ప్రతి రిసీవరూ వింటూనే ఉంటుంది, కానీ తన గుర్తు వినపడితే తప్ప నిద్ర లేవదు. లేస్తే ముందు సైరన్ మోగుతుంది. తర్వాత తెలుగులో మనిషి గొంతు. కరెంటు పోయినా నడవడానికి బ్యాటరీ.

ఈ గుర్తు సంఖ్య ఏర్పాటును నేను మొత్తం కథలో అన్నిటికంటే తెలివైన పనిగా చూస్తాను. తుఫాను నిజాంపట్నానికి వస్తుంటే శ్రీకాకుళంలో సైరన్ మోగకూడదు. అలా రెండు సార్లు మోగితే మూడోసారి శ్రీకాకుళంలో ఎవరూ తల ఎత్తరు. 1977 నాటి హెచ్చరికలకు పట్టిన పెద్ద జబ్బు అదే. పొడవాటి తీరమంతా ఒకే కేకతో కాకుండా, ముప్పు ఉన్న ఊరిని పేరు పెట్టి పిలిచినట్టు పిలవడం ఈ వలతో సాధ్యమైంది.

ఈలోగా నేల మీద కూడా చాలా మారింది. 1984లో మునసబు, కరణాల వ్యవస్థ రద్దయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. పెద్ద తాలూకాకు ఒక తహసీల్దారు ఉన్న చోట ఇప్పుడు నాలుగైదు మండలాలు, ఒక్కోదానికి ఒక ఆఫీసు. హెచ్చరిక పెట్టె పెట్టుకోవడానికి ప్రజలకు దగ్గరగా ఒక గది, ఒక జీపు, ఒక బాధ్యుడు దొరికారు. రాజకీయంగా ఆ సంస్కరణల మీద ఎంత కొట్లాట జరిగిందో ఆ తరానికి గుర్తే. తుఫాను చరిత్రలో మాత్రం వాటి స్థానం మేలు వైపే. తీరం వెంట కాంక్రీటు తుఫాను షెల్టర్లు లేచాయి. మచిలీపట్నంలో రాడార్ వచ్చింది. రెండు రాడార్ల మధ్య మిగిలిన ఖాళీ పూడింది.

1990 మే

పరీక్ష పదమూడో ఏట వచ్చింది. ఈసారి నవంబరు కాదు, నడివేసవి. కాలువలు కట్టేసి పూడికలు తీసే రోజులు. దుగ్గిరాల యార్డులో పసుపు కొమ్ముల బేరాలు, బడులకు సెలవులు, ఇళ్లలో ఆవకాయ ముచ్చట్లు. మే మొదటి వారంలో పుట్టిన వాయుగుండం పెరిగి పెద్దదై పెను తుఫానుగా మారింది. మే 9 బుధవారం రాత్రి ఏడు గంటల ప్రాంతంలో కృష్ణ సముద్రంలో కలిసే చోట, మచిలీపట్నానికి నైరుతిగా నలభై కిలోమీటర్ల దగ్గర తీరం దాటింది. 1977 గాయం తగిలిన చోటే మళ్లీ. బలంలోనూ అది దానికి తీసిపోదు.

ఈసారి సైరన్లు ముందే మోగాయి. ఉపగ్రహం నుంచి గంట గంటకూ కొత్త కబురు దిగింది. లక్షన్నర మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. పశువులను కూడా మెరకలకు తోలారు. తుఫాను వెళ్లాక తేలిన మృతుల సంఖ్య వెయ్యి లోపు. అది చిన్న సంఖ్య అనే సాహసం నేను చేయను. అయితే అదే తీరంలో, అదే స్థాయి తుఫానుకు పదమూడేళ్ల కిందట పది వేల మంది పోయారు.

ఈ తేడా అంతా ఉపగ్రహం ఘనతే అని రాసినవాళ్లున్నారు. నేను అంత దూరం వెళ్లను. రెండు తుఫానులు ఎప్పుడూ ఒక్కలా ఉండవు. షెల్టర్లు ఉన్నాయి, దారులు బాగుపడ్డాయి, లారీలు, బస్సులు ఎక్కువయ్యాయి. అన్నిటినీ మించి దివిసీమ, రేపల్లె తీరంలో ప్రతి ఇంటికీ 1977 గుర్తుంది. సైరన్ వినగానే ముసలమ్మలు మూట కట్టుకున్నారంటే ఆ పెట్టె మీద నమ్మకంతో మాత్రమే కాదు, పోయిన తమవాళ్లను తలుచుకుని. కానీ ఆ జ్ఞాపకం 1990లో సరైన గంటకు లేవడానికి ఒక సైరన్ కావలసి వచ్చింది. ఆ సైరన్ మీట వందల కిలోమీటర్ల దూరంలో, గాలివాన తాకని చోట ఉండటమే ఇందులో అసలు గెలుపు.

లోటు ఒకటి మిగిలింది. ఆ మొదటి తరం రిసీవర్‌కు వినడమే తెలుసు, బదులు చెప్పడం తెలియదు. నిజాంపట్నంలో సైరన్ నిజంగా మోగిందా, బ్యాటరీ చచ్చి మూగగా ఉందా అన్నది హెచ్చరిక కేంద్రంలో కూర్చున్న అధికారికి తెలిసే దారి లేదు. కబురు అందిందని తిరిగి చెప్పగల డిజిటల్ రిసీవర్లు తర్వాత వచ్చాయి. దేశ తీరమంతా కలిపి ఈ హెచ్చరిక రిసీవర్లు 352కు పెరిగినప్పుడు, వాటిలో డిజిటల్‌వి 101 ఆంధ్ర తీరంలోనే ఉన్నాయి. ఎక్కువ దెబ్బతిన్న తీరానికి కొత్త పరికరం ముందుగా దక్కడం న్యాయమే.

2004లో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు అకిల్దిజ్, కాసిమోగ్లు ఒక వ్యాసం రాశారు. కొలిచే సాధనాలతో పాటు కదిలే సాధనాలు కూడా ఉన్న వైర్‌లెస్ వలలను ప్రత్యేక శాఖగా పరిగణించాలని, కొలతకూ చర్యకూ మధ్య ఆలస్యం ఎంతన్నదే వాటికి కీలకమని వాదించారు. ప్రపంచమంతా ఆ వ్యాసాన్ని ఉటంకించింది. ఇందాక వంశవృక్షంలో నిజాంపట్నం పేరు ఉండాలని అన్నది ఇందుకే. ఆ శాఖకు పేరు పెట్టడానికి పద్నాలుగేళ్ల ముందే, కొలతకూ చర్యకూ మధ్య ఆలస్యాన్ని ప్రాణాలతో లెక్క కట్టిన తీరం ఇది.

ఆ 2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం మన గడియారంలో ఆరున్నర కావస్తుండగా సుమత్రా దగ్గర సముద్రపు అడుగు కదిలింది. గాలి లేదు, వాన లేదు, రాడార్‌లో మబ్బు లేదు. ఇన్సాట్ కన్ను ముందు ఆకాశం మామూలుగానే ఉంది. అల మన తీరానికి రావడానికి రెండు గంటల పైన సమయం ఉన్నా, దాన్ని కొలిచే సాధనం ఒక్కటి కూడా హిందూ మహాసముద్రం అడుగున లేదు. తీరంలో సైరన్లు సిద్ధంగానే ఉన్నాయి, వాటిని మోగించే కబురు లేదు. ఆ ఉదయం నుంచి, 2007 అక్టోబరు 15న హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలయ్యే దాకా జరిగిన కథ, సముద్రం అడుగున పెట్టిన పీడన మాపకాలు నీటి గుండా శబ్దంతో, పైన ఆకాశం గుండా రేడియోతో మాట్లాడటం నేర్చిన వైనం వచ్చే భాగంలో.